దొరబాబు గారి ఫోటో

కిందటి వారం మధ్యాహ్నం భోజనం ముగించి, తార్‌బహార్‌లో మా ఇంటి వరండాలో నడుం వాల్చబోతుంటే ఫోన్ మోగింది. మన తెలుగువాళ్ల సంఘానికి కొత్తగా సెక్రటరీ అయిన కిరణ్. బోద్రీ కోర్టులో వకీలు. పుట్టింది, పెరిగింది ఈ ఛత్తీస్‌గఢ్ ఊరి రైల్వే క్వార్టర్లలోనే. "ఆంటీ, నమస్తే. ఒక చోటా కామ్ ఉంది. జూబ్లీకి మన హాల్లో దొరబాబు గారి ఫోటో పెడుతున్నాం. అదే, బజార్ పెట్టినాయన, మీకు మాలూమే కదా. ఎక్కడ వెతికినా ఆయన ఫోటో దొరకలేదు. మీ మామ్మగారికి ఆయన బాగా తెలుసని పాత సెక్రటరీ గారు చెప్పారు. మీ ఇంట్లో ఏదైనా పురానా ఫోటో ఉంటే దేఖ్‌కే చెప్పండి ఆంటీ" అన్నాడు. ఆవిష్కరణ ఎవరి చేతుల మీదుగా అని అడిగాను. పాత సెక్రటరీ గారి చేతుల మీదుగానేనట. ఎనభై దాటినా ఓపిక చేసుకుని హైదరాబాదు నుంచి వస్తున్నారట. దొరబాబు గారి చరిత్రను వెలికి తీసిన మనిషి కదా, ఆయనకు సన్మానం కూడా ఉందట. నాకు నడుం నొప్పి ఎగిరిపోయింది. "ఉంది నాయనా, ఫోటో ఉంది" అన్నాను.

అటక మీద మామ్మ రేకుపెట్టె అలాగే ఉంది. దింపి మూత తీస్తే ఎన్ని నాఫ్తలీన్ ఉండలు వేసినా చావని ఎండుచేపల వాసన ఇప్పటికీ గుప్పుమంది. ఒకప్పుడు ఆ వాసనకు నేను సిగ్గుపడ్డాను. బళ్లో హిందీ పిల్లలు నా పక్కన కూర్చోకుండా ముక్కు మూసుకుంటే, ఇంటికొచ్చి మామ్మ మీద అరిచాను. ఇప్పుడు పెట్టెలో మొహం పెట్టి రెండుసార్లు పీల్చుకున్నాను. చీరల అడుగున, ఖాకీ కవరులో, ఫోటో దొరికింది. అందులో ఏముందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి, బజారు సంగతి చెప్పాలి.

మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన డ్యూటీని బట్టి మా ఇంట్లో పొద్దు పొడిచేది, పొద్దు గుంకేది. పొద్దున్నే క్వార్టరు బయట మామ్మ సిగ్డీ, అంటే బొగ్గుల పొయ్యి, రాజేసేది. రైల్వే బొగ్గు ముక్కలు అంటుకునేదాకా వచ్చే ఆ పచ్చి పొగ వరసంతా కమ్ముకునేది. ఆ పొయ్యి మీద చోడంబలి, అంటే రాగి అంబలి, ఉడికేది. నాన్న షెడ్డు నుంచి నూనె మరకలతో వచ్చి, మోకాళ్లు ముడుచుకు కూర్చుని, కాల్చిన ఎండు మెత్తళ్లు, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ రెండు గిన్నెల అంబలి తాగి పడుకునేవాడు. ఆ తర్వాత మామ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించేది. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు తాగేది అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా మామ్మ మాట ఒక్కటి తడబడేది కాదు. చిన్నప్పుడు నాకు అదేమీ వింతగా తోచలేదు, అందరి మామ్మలూ అలాగే ఉంటారనుకునేదాన్ని.

ఆమె పేరు తవిటమ్మ. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. అందుకని మామ్మ పుట్టగానే వాళ్లమ్మ పొరుగింటామె చేతిలో పెట్టి ఇచ్చేసి, గుప్పెడు తవుడు కొలిచి మళ్లీ కొనుక్కుంది. గుప్పెడు తవుడు విలువ చేసే పిల్లను చావు మాత్రం ఏం చేసుకుంటుంది, వదిలేసి పోతుందని నమ్మకం. వదిలేసింది కూడా. మా వైపు తవిటయ్యలు, తవిటమ్మలు, పెంటయ్యలు అందరూ అలా చావును మోసగించి బతికినవాళ్లే. ఆ పేరు ఆమెకు ప్రాణం పోసిన పేరు. ఎవరైనా అడిగితే గొంతు పెంచి చెప్పేది.

ఇక బజారు. ఈ ఊళ్లో రైలు పట్టాలకు అటూ ఇటూ చాలా బజార్లున్నాయి గానీ మాకు బజారంటే వారానికోసారి క్వార్టర్ల వెనక కట్టే సంతే. ఛత్తీస్‌గఢీ రైతులు చుట్టుపక్కల పల్లెల నుంచి కూరగాయలు, రతన్‌పూర్ వైపు నుంచి బియ్యం, చింతకాయలు తెచ్చి అమ్మేవారు. అందులో ఒక వరసంతా తెలుగు ఆడవాళ్లది. ఎండుచేపలు, పనసపొట్టు, గోంగూర, కరివేపాకు, తాటిబెల్లం. ఆ వరస మొదలుపెట్టింది మా మామ్మే. తాత కొత్తగా ఉద్యోగంలో చేరి ఆమెను తీసుకొచ్చిన రోజుల్లో ఇక్కడ మనవాళ్లకు ఎండుచేప ముక్క దొరికేది కాదట. మామ్మ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా రైలు పాసు మీద విజయనగరం నుంచి రాయ్‌పూర్ మీదుగా ఒక గంప తెచ్చి, క్వార్టరు గేటు పక్కన గోనె పరుచుకు కూర్చునేది. వాసనని చెప్పి అక్కడి నుంచి తరిమారు. నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చుంటే అక్కడి నుంచీ తరిమారు. చివరికి మురిక్కాలవ పక్కన, ఎవరికీ అక్కర్లేని చోట కూర్చుంది. ఆమె పక్కన ఇంకో ఆమె వచ్చి గోనె పరిచింది, ఆమె పక్కన ఇంకొకామె. ముక్కు మూసుకున్న జనమే సంచులు పట్టుకుని అక్కడికి రావడం మొదలుపెట్టారు. ఇదీ ఆ వరస చరిత్ర. ఇంతకంటే పెద్ద చరిత్ర దానికి లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

దొరబాబు ఆ బజారులో తిరిగే ఆంబోతు. ఎవరో శివుడి పేర ముద్ర వేసి వదిలిన ఎద్దు. తెల్లగా, గోడంత ఎత్తుండేది. ఛత్తీస్‌గఢీ వాళ్లు దాన్ని గౌంటియా అనేవారు, అంటే ఊరిపెద్ద అని. మా వరసలో దొరబాబు అనేవారు. ప్రతి గంపలోనూ ఒక నోరు పెట్టి, ఎవరేమన్నా పట్టించుకోకుండా, తన దారిన తాను పోయేది. కొట్టేవాళ్లు లేరు. అది నోరు పెట్టిన గంప ఆ రోజు తొందరగా ఖాళీ అవుతుందని నమ్మకం ఒకటి ఎలాగో పుట్టింది. మామ్మ అయితే దాని కోసం గోంగూర కట్ట ఒకటి విడిగా ఉంచేది.

ఇక ఆ పాత సెక్రటరీ గారు. బొగ్గు ఆఫీసులో పెద్ద ఉద్యోగం, కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన మనిషి, మల్లెపువ్వు లాంటి పంచె, పాఠ్యపుస్తకంలాంటి తెలుగు. సంఘానికి ఆయన సెక్రటరీ అయ్యాక ఉగాది సభల్లో రైల్వే వాళ్ల కుర్చీలు వెనక్కి జరిగాయి. మా రైల్వే పిల్లలు మైకు ముందు 'ఏటి' అంటే ఆయన నవ్వి, మైకులోనే 'ఏటి కాదమ్మా, ఏమిటి' అని దిద్దేవాడు. హాలంతా నవ్వేది. నేనూ ఆ మైకు ముందు ఒకసారి నిలబడ్డాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, దాన్ని పోగొట్టుకోవాలని నాకు లేదు.

ఆ ఏడు సంఘం సావనీర్ వేస్తూ, 'మన పట్టణం, మన సంత' అనే చరిత్ర రాసే పని ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. పాతవాళ్లను అడిగి రాస్తానని కబురు పెడితే, షెడ్డులో ఎవరో మా మామ్మ పేరు చెప్పారు. మామ్మ సంబరం చెప్పలేను. అచ్చులో తన పేరు పడుతుందని పొద్దున్నే తలంటుకుని, పెట్టెలోంచి నేత చీర తీసి కట్టింది. చెప్పాల్సింది ముందు రోజే నా దగ్గర రెండుసార్లు అప్పజెప్పుకుంది. తరిమిన చోట్లన్నీ వరసగా, గేటు, ట్యాంకు, మురిక్కాలవ. "ఎక్కడైనా మర్చిపోతే అందీయే" అంది నాతో. ఆయన కోసం షెడ్డు కాంటీన్ నుంచి నాన్న కుర్చీ మోసుకొచ్చాడు. ఆయన దాని మీద కర్చీఫ్ పరుచుకుని కూర్చున్నాడు. మామ్మ కింద కూర్చుంది.

"నీ పేరేమిటమ్మా?" అన్నాడు.

"తవిటమ్మ, బాబూ."

పెన్ను ఆగింది. "తవుడా? గేదెలకు పెట్టే తవుడా?" అని, వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు వైపు తిరిగి నవ్వాడు. "చూశావటయ్యా, మనుషులకు పెట్టే పేరేనా ఇది! పుస్తకంలో ఎలా వేస్తాం? సరేలే, పేరుతో పనిలేదు. స్థానిక వృద్ధురాలు ఒకామె అని రాస్తాను."

నాన్న కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు. ఆ నవ్వును మాత్రం నేను క్షమించాను, కుర్చీ మోసినవాడికి అంతకంటే ఏం చేతనవుతుంది? మామ్మ నవ్వలేదు. గొంతు సవరించుకుని, అప్పజెప్పుకున్నది మొదలుపెట్టింది. "అది కాదు బాబూ, నాను పుట్టింటికాడి నుండి ఎండుసేపల గంప..."

"చేపల కబుర్లు వద్దమ్మా. ఆ నీచు వాసన పుస్తకం దాకా రానివ్వకు" అని ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంత పెద్ద సంతకు ఒక మూలపురుషుడు ఉంటాడు కదా, పెద్దమనిషి ఎవరైనా. ఆయన సంగతి చెప్పు."

మామ్మ రొంటినున్న చుట్ట తీసి, వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంది. రెండు దమ్ములు పీల్చింది. మంచినీళ్ల గ్లాసుతో నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా వైపు ఒక్కసారి చూసింది.

"ఉన్నాడు బాబూ," అంది. "దొరబాబు."

ఆయన కోసం తెచ్చిన మంచినీళ్లు నేనే గటగటా తాగేశాను.

"దొరబాబు గారా! ఎవరి తాలూకు?"

"శివుడి తాలూకు."

"శైవులన్నమాట" అని రాసుకున్నాడు. "మనిషి ఎలా ఉండేవారు?"

"తెల్లగా, ఇంతెత్తున. నడిసొత్తంటే ఎవులైనా పక్కకి తప్పుకోవాల్సిందే. మాట తక్కువ."

"ఉద్యోగమా? వ్యాపారమా?"

"ఒక్క పనీ సేసి ఎరగడు బాబూ. ఆయన సేత పని సేయించీ మొగోడెవుడు?"

"జమీందారీ వంశం!" సెక్రటరీ గారి మొహం వెలిగిపోయింది. "బిరుదులు, చిహ్నాలు ఏవైనా ఉండేవా?"

"అచ్చుండీది."

"అచ్చంటే, ముద్రా? రాజముద్రా?"

"దేవుడి పేర ఏసినారంతారు. నాకేటి తెల్సు? ఆయన రానిదే బజారు కట్టీది కాదు. ఒచ్చి పతీ గంపలోంచి కూసింత నోట్లో ఏసుకునీవోడు. అప్పుడే మాకు బోణీ."

"వర్తకులు తొలి భాగం ఆయనకే సమర్పించేవారు" అని పైకి చదువుకుంటూ రాశాడు. "సంతానం?"

"ఊరినిండా."

పెన్ను మళ్లీ ఆగింది. ఈసారి పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, తల పంకించి, "ఊరందరినీ కన్నబిడ్డల్లా చూసుకునేవారన్నమాట" అన్నాడు.

"నువ్వు ఎలాగంతే అలాగే బాబూ. సదువుకున్నోడివి" అంది మామ్మ. ఆమె చెప్పినదాంట్లో బజారు దొరబాబు వల్లే కట్టేదన్న ఒక్క మాట తప్ప అబద్ధం లేదు. మిగతా అబద్ధమంతా ఆయన పెన్నులోంచే వచ్చింది.

బజారు రోజున ఆయన ఫోటోగ్రాఫరుతో వస్తానన్నాడు. అందుకని ముందే మామ్మ వరసంతా తిరిగి, దొరబాబు పేరు ఎవ్వరూ ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. వాళ్లందరి పిల్లలూ ఆ మైకు ముందు ఏదో ఒకరోజు నిలబడ్డవాళ్లే. ఆ రోజు బజారంతా నోరు కట్టేసుకుంది. ఆయన ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని మా వరసలోకి వచ్చాడు. సరిగ్గా మామ్మ గోనె ముందు ఆయన చెప్పు బురదలో కూరుకుపోయింది. పంచె ఎగ్గట్టి, రెండు చేతులతో చెప్పు లాగబోతుంటే, గోంగూర వాసనకు దొరబాబు రానే వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఫోటోగ్రాఫరు ఎందుకు నొక్కాడో తెలియదు, నొక్కేశాడు. ఆ తర్వాత వారం అతను ఒక ఖాకీ కవరు తెచ్చి, సెక్రటరీ గారు చింపేయమన్నారని చెప్పి, మామ్మ చేతికిచ్చి, మెత్తళ్లు పట్టుకుపోయాడు.

సావనీర్ వచ్చింది. ఇంట్లో తెలుగు చదవగలిగింది నాన్న, నేను. మామ్మ నన్ను చదవమంది. 'శ్రీ దొరబాబు గారు ఆజానుబాహువు, శ్వేతవర్ణులు, మితభాషి, శివభక్తి పరాయణులు. రాజముద్రాంకితమైన జమీందారీ వంశమున జన్మించి...' అంటూ రెండు పేజీలు. మామ్మ గోడకు జారబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వింది. మళ్లీ చదవమంది. మళ్లీ నవ్వింది. "అచ్చోసిన ఆంబోతు అంతారు గదే. ఆడి సేతే అచ్చేయించినాను" అంది.

నేను నవ్వలేకపోయాను. పుస్తకం ఆ చివర నుంచి ఈ చివరకు వెతికాను. తరిమిన గేటు లేదు, ట్యాంకు లేదు, మురిక్కాలవ లేదు, ఎండుచేపలు లేవు. మామ్మ లేదు. ఒకచోట మాత్రం 'ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన నిరక్షరాస్యులు, అపభ్రంశ భాష మాట్లాడువారు' అని మా అందరి గురించీ ఒక వాక్యం ఉంది. "నీ పేరు లేదు మామ్మా. ఎద్దు పేరుంది, నీది లేదు" అని ఏడ్చాను. ఆమె నవ్వు ఆపి, చాలాసేపు పుస్తకం అట్ట మీద అరచేత్తో నిమిరింది. ఆశ పెట్టుకుందని అప్పుడు తెలిసింది నాకు, ఇన్ని చేసినా ఏదో ఒక మూల పేరుంటుందని.

"ఉండనీ," అంది. "ఆడ్ని ఎక్కనీ. బాగా పైదాకా ఎక్కినాక నువ్వు నిచ్చెన లాగుదువు గానీ."

ఆయన ఎక్కాడు. పట్టణ చరిత్రకారుడన్నారు. దొరబాబు గారి పేర ఏటేటా వ్యాసరచన పోటీ పెట్టారు, మా చెల్లెలి కూతురికి అందులో బహుమతి కూడా వచ్చింది. హిందీ పేపరు వాళ్లు ఆయన రాసింది చూసి రాశారు, ఆ పేపరు చూసి ఇంకెవరో రాశారు. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాడు. దొరబాబు ఒక వానాకాలం కాలవ పక్కనే పడుకుని లేవలేదు, వరసంతా దానికి పసుపు కుంకం పెట్టి సాగనంపారు. మామ్మ కూడా పోయింది. ఆమె పోయినప్పుడు సంఘం నుంచి ఒక్కరూ రాలేదు. అది కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

ఇప్పుడా సంతకు సిమెంటు దిమ్మలు, రేకుల కప్పు వచ్చాయి. మురిక్కాలవ మీద పలకలు పరిచారు. ఎండుచేపలు ప్లాస్టిక్ పొట్లాల్లో వాసన లేకుండా దొరుకుతాయి, రుచి కూడా అలాగే ఉంటుంది. అప్పుడు మా భాషను చూసి నవ్వినవాళ్ల మనవలకూ, మా మనవలకూ ఇవాళ ఒకటే భాష, సగం తెలుగు, సగం హిందీ, తెలుగు అక్షరాలు ఏవీ రావు. ఆయన దిద్దిన 'ఏమిటి' కూడా పోయింది. మామ్మ 'ఏటి' మాత్రం మా ఇంట్లో నా నోట ఇంకా ఉంది. బళ్లో హిందీ పాఠాలు చెప్పి రిటైరైన నేను తెలుగులో రాస్తున్నానంటే ఆ మొండితనం వల్లే.

ముసలాయన కదా, ఎనభై దాటాయి, పోనీలే అనుకుందామని రెండు రోజులు చూశాను. మనసుకి చెప్పి చూశాను. పోనీలే అనడం మా ఇంటా వంటా లేదు. నేత చీర కట్టుకుని పొద్దుటి నుంచి ఎదురు చూసిన మనిషి కళ్ల ముందు కదిలింది. మూడో రోజు ఫోటోను ఫోన్లో తీసి కిరణ్‌కి పంపాను. కింద పెట్టాల్సిన నాలుగు మాటలు కాగితం మీద రాసి అదీ పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. "ఆంటీ, బహుత్ బఢియా ఫోటో! లేకిన్ ఇందులో దొరబాబు గారు ఎవరు? ఆ వంగి ఉన్నాయనా?"

"కింద రాశాను కదా నాయనా."

"తెలుగు చదవడం నాకు అంత రాదు ఆంటీ. రాయ్‌పూర్‌లో తెలుగు టైపింగ్ వాడున్నాడు. మీరు రాసింది సీధా వాడికి పంపేస్తా."

"పంపు. ఒక్క అక్షరం మార్చొద్దను. తర్వాత ఎవరైనా నీ మీదికొస్తే నా పేరు చెప్పు, మొహమాటపడకు."

"అచ్ఛా ఆంటీ."

నేను రాసింది ఇది. 'మధ్యలో నిలబడినది దొరబాబు, బజారులోని ఆంబోతు. దాని ముందు వంగినవారు మన సంఘం పూర్వ కార్యదర్శి, పట్టణ చరిత్రకారులు. వెనక గంప ముందు కూర్చుని నవ్వుతున్నది తవిటమ్మ. ఈ బజారులో తెలుగు వరసకు మొదటి గోనె పరిచింది ఈమే.'

ఫోన్ పెట్టేయబోతూ ఆగాను. "కిరణ్, ఒక్క మాట. మా మామ్మ పేరు జాగ్రత్త. వకారానికి గుడి ఉంటుంది, అది తప్పకుండా పెట్టమను."

"గుడి? మతలబ్ మందిర్?" కంగారుపడ్డాడు. "మామ్మగారికి మందిర్ కూడా పెట్టాలా ఆంటీ?"

"చిన్నదే నాయనా, అచ్చులో పట్టేంత" అన్నాను. "అది మాత్రం పోకూడదు."